నాలుగో విస్తరాకు

"అయితే మూడు పుస్తకాలకూ కాళ్ళొచ్చి నడిచిపోయినయంటవ్" అంది స్వరూప.

పుష్పమ్మ చింతపండులో గింజలు ఏరుతూ కూర్చుంది. తల ఎత్తలేదు. "మీద ఎలుకలున్నయి. బోను తెమ్మని మీ నాయినకు మొన్ననే చెప్పిన."

"ఎలుకలు కొరుకుతయి అమ్మా. ఎత్తుకపోయి దాచిపెట్టవు."

"నన్నెందుకు గుచ్చి గుచ్చి అడుగుతున్నవ్? నాకు ఇంగిలీషు ఒక్క ముక్కన్న వస్తదా? గవి నాకేం పనికొస్తయి, పొయ్యిల పెట్టుకోనా?"

అంత వివరంగా చెప్పనక్కర్లేదని మాట నోరు దాటాక గానీ పుష్పమ్మకు తట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషి ఆమె. స్వరూప పుట్టిన నాటి నుంచి ఒక పెద్ద అబద్ధాన్ని గుట్టుగా కాపాడుకుంటూ వస్తోంది గానీ, చిన్న అబద్ధాలు మాత్రం ఆమెకు చేతకావు.

వంటింటి గడప అవతల, పుస్తకాలు పోగొట్టుకున్న పై పోర్షన్ అమ్మాయి కరీన్ చేతులు కట్టుకొని నిలబడింది. మొన్నటిదాకా లోపలికి వచ్చి పీట వేసుకొని కూర్చునేది. జొన్నరొట్టె నేర్చుకుంటానని సగం పిండి నేలపాలు చేసేది. నిన్నటి నుంచి గడప దగ్గరే ఆగిపోతోంది. ఆమె తనను అనుమానిస్తోందని పుష్పమ్మకు తెలియడానికి ఏ భాషా రానక్కర్లేదు.

ఆమె ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది.

"ఎవరి మీద అనుమానం లేదంట. దొరికితే చెప్పమంటున్నది" అంది స్వరూప.

పుష్పమ్మ మొదటిసారి తలెత్తింది. "గంతసేపు మాట్లాడితే గింతేనా? నడుమ ఏం మింగినవ్?"

"ఏం మింగలే."

"అమ్మ అని రెండుసార్లన్నది. గది నాకు సమజ్ కాదనుకున్నవా?"

స్వరూప నిజంగానే మింగింది. అమ్మకు నా మీద కోపముంటే చెప్పమను, గది ఖాళీ చేస్తాను, కానీ ఆ పుస్తకాలు మళ్ళీ నాకు దొరకవు అని కరీన్ అంది. పెత్రమాస పూట, పెద్దలకు బియ్యమిచ్చే రోజున, పొద్దున్నే ఇంట్లో ఆ మాటలెందుకని స్వరూప ఆపేసింది. ఆపిన సంగతి మాత్రం ముగ్గురికీ తెలుసు.

కరీన్ ముఖం చూసి బీరంగూడ బజారులో కొందరు నేపాలీ అంటారు, కొందరు చైనా అంటారు. డెన్మార్క్ అని ఆమె చెబితే నవ్వి ఊరుకుంటారు. ఆమె పుట్టింది కొరియాలో. నడక రాకముందే విమానమెక్కించి డెన్మార్క్ పంపారు. అక్కడ ఆవులు పెంచుకునే ఒక రైతూ అతని భార్యా సొంత బిడ్డగా సాకారు. పటాన్‌చెరు దగ్గరి పంటల పరిశోధన కేంద్రంలో శనగ మీద పని చేయడానికి ఈ ఎండాకాలంలోనే వచ్చింది. కేంద్రంవాళ్ళిచ్చే గది వద్దు, మనుషుల మధ్య ఉంటానంటే, పుష్పమ్మ మొగుడు నర్సింహే వెంటబెట్టుకొచ్చి పై పోర్షన్ కిరాయికిచ్చాడు.

"పెండ్లి గాని పిల్ల, ఒక్కతి, మనకెందుకు" అని పుష్పమ్మ అప్పుడే అంది. మొగుడు వినలేదు. ఎందుకు వినలేదా అని అప్పట్లో ఆమె ఆలోచించలేదు. ఇప్పుడు కూర్చుంటే అదే, నిలబడితే అదే.

పోయిన పుస్తకాలు కొరియా రచయితలు రాసిన నవలలు. కరీన్‌కు ఆ భాష రాదు. ఇంగ్లీషులోకి మార్చినవి దొరికినన్ని కొని, సూట్‌కేసులో బట్టలు తగ్గించుకొని మరీ మోసుకొచ్చింది. డిగ్రీ చదువుతున్న స్వరూప సాయంత్రాలు పైకి పోయి ఆమె పక్కన కూర్చొని అవి చదివేది. "పో బిడ్డా, ఇంగిలీషు మాట్లాడుడన్న వస్తది" అని పంపింది పుష్పమ్మే. ఎవరిని తిట్టుకోవాలి?

తిండి దగ్గర స్వరూప ఆ కథలు చెప్పేది. మొన్న ఉప్పు చేపలు అమ్ముకునే ఒకామె కథ చెప్పింది. ఆమె తన చిన్నబిడ్డను దేశం కాని దేశానికి ఇచ్చేసిందట. పుష్పమ్మ పళ్ళెంలో చెయ్యి కడుక్కొని లేచిపోయింది. మర్నాడే స్వరూప అడిగింది, "అమ్మా, నన్ను ఏడ కన్నవ్?" అని. "జిన్నారంల, దవాఖానల" అంది పుష్పమ్మ. చిన్నప్పుడు అడిగితే అమ్మమ్మ ఇంట్లో, మంత్రసాని చేతుల మీద అని చెప్పి ఉంది. ఆ సంగతి పుష్పమ్మ మరిచిపోయింది. స్వరూప మరిచిపోలేదు.

స్వరూప ఆమె కడుపున పుట్టిన బిడ్డ కాదని బీరంగూడలో పుష్పమ్మకు, నర్సింహకు, ఈ కథ చదువుతున్న మీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదనే జిన్నారం దగ్గరి సొంత ఊరు విడిచి, పొలం కౌలుకిచ్చి ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నారు. నర్సింహ గడ్డపోతారంలో మందుల కంపెనీలో కుదిరాడు. గుట్టు ఎవరి నోటి నుంచి బయటపడుతుందోనని పుష్పమ్మ వీధిలో ప్రతి నోటినీ కనిపెట్టి చూసేది. పుస్తకాలకు కూడా నోరుంటుందని ఆమెకు తట్టలేదు.

కరీన్ మెట్లెక్కి పైకి పోయింది. స్వరూప పొయ్యి మీది పప్పు దించి, తల్లి వైపు చూడకుండా వరండాలోకి నడిచింది. బతుకమ్మకని నర్సింహ కోసుకొచ్చిన తంగేడు పువ్వు అక్కడ బుట్టలో అలాగే ఉంది. ఇద్దరిలో ఎవరికీ దాన్ని ముట్టాలనిపించలేదు.

* * *

"పుష్పమ్మగారూ, ఒక మాట చెబితే ఏమీ అనుకోరు కదా" అంది అన్నపూర్ణ, గోడ అవతల నుంచి.

అలా మొదలుపెట్టే మాటలో అనుకోదగ్గది ఉండనే ఉంటుంది. అన్నపూర్ణ వాళ్ళది గోదావరి వైపు. మొగుడు పక్కనున్న పెద్ద ఇంజనీరింగు ఫ్యాక్టరీలో ఉద్యోగి. మంచి మనిషే. కాకపోతే తన ఇంట్లో కూరకు ఉప్పు తక్కువైనా పక్కింటి సంగతి రుచి చూడందే ఆమెకు పొద్దు గడవదు.

"ఏందక్కా?"

"మీ పైపోర్షన్ అమ్మాయి మొన్న బస్సులో మా ఆయన పక్కన కూర్చుందటండి. ఇక్కడ ఎవరైనా పిల్లల్ని పెంచుకుంటే, ఆ పిల్ల పెద్దయ్యాక సంగతి చెబుతారా చెప్పరా అని అడిగిందట. ఆయనకేమీ అర్థం కాలేదు. ఈ ప్రశ్న ఎందుకమ్మా అంటే నవ్వి ఊరుకుందట."

పుష్పమ్మ గోడ మీద చెయ్యి ఆనించింది. "మీ ఆయనేం చెప్పిండు?"

"ఎవరూ చెప్పరమ్మా అన్నారట. చెప్తారాండీ ఎవరైనా?"

"నాకేం ఎరుక?"

"అదే లెండి. మీకెందుకు తెలుస్తుంది." అన్నపూర్ణ సొరపాదు ఆకు ఒకటి తుంచింది. "స్వరూప ఈ మధ్య చిక్కిపోయిందేవిటండీ? ఆ పిల్లది మీ పోలిక కాదు. నర్సింహగారి పోలికా కాదు."

"మా అత్త పోలిక. నువ్వు చూడలే ఆమెను."

"చూళ్ళేదండీ. ఎలా చూస్తాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్నపూర్ణ కళ్ళలో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోవడమే పుష్పమ్మకు అనుమానం. ఈమెకు తెలిసి అడుగుతోందా, తెలియక అడుగుతోందా? తెలిస్తే ఎవరు చెప్పారు? పైనున్న పిల్లకు ఎవరు చెప్పారు? ఇల్లు దాటి పోని మాట వీధంతా ఎలా తిరుగుతోంది? పొద్దున డ్యూటీ దిగొచ్చి, తలస్నానం చేసి, అయ్యగారిని పిలవడానికి పోయిన మొగుడి మీదికి కూడా ఆమె అనుమానం పోయింది.

"అయ్యగారొచ్చే యాళ్ళైంది అక్కా, బియ్యం తియ్యాలె" అని ఆమె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. బియ్యం తియ్యాలె.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పుష్పమ్మ పుస్తకాలు దాచింది బియ్యం డ్రమ్ములో. ఇంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటేనని అక్కడ దాచింది. దాచిన కంగారులో, రేపే పెత్రమాస అని, డ్రమ్ము అడుగుదాకా చెయ్యి పోయే రోజు ఏడాదిలో అదొక్కటేనని మరిచిపోయింది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి డ్రమ్ము మూత నేల మీద ఉంది. చేటలో బియ్యం ఉంది. స్వరూప లేదు.

* * *

పైన గదిలో కరీన్ పుస్తకం తలకిందులుగా పట్టుకొని దులుపుతోంది. పేజీల మధ్య నుంచి బియ్యపు గింజలు చాప మీద రాలుతున్నాయి. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నారు.

"మా అమ్మ తరఫున సారీ" అంది స్వరూప. "ఎందుకు చేసిందో నాకు తెలియదు."

కరీన్ రెండో పుస్తకం దులిపింది.

"నీకు తెలుసా?"

"నాకు తెలియదు" అంది కరీన్. "అనుమానం ఉంది. కానీ అది నేను చెప్పకూడదు. మీ అమ్మను అడుగు."

"పక్కింటి అంకుల్‌ను బస్సులో ఏదో అడిగావట. గోడ దగ్గర మాటలు వరండాలోకి వినపడ్డాయి."

"నా కోసం అడిగాను."

స్వరూప నమ్మలేదు. నమ్మలేదని కరీన్‌కు కూడా తెలిసింది. చాప మీది గింజలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకుంది.

"ఈ చేపలామె నవల చూడు" అంది తర్వాత. "పుస్తకమంతా ఆమె బజారు, ఆమె అప్పులు, ఆమె పెద్ద కూతురి పెళ్ళి. ఇచ్చేసిన పిల్ల గురించి ఒక్క వాక్యం ఉంది. గుడ్డ కొనేటప్పుడు ఆమె ఎప్పుడూ కావలసినదాని కన్నా కొంచెం ఎక్కువ కోయించేది అని. అంతే. నాలాంటిదాని గురించి నేను చదివిన వాక్యం అదొక్కటే. దాని కోసం పుస్తకమంతా మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను."

"అక్కడ నీకు ఏడుపొచ్చిందా?"

"రాలేదు. వాళ్ళు ఏడ్చే చోట నాకు ఏడుపు రాదు. తినే చోట వస్తుంది. ఈ వంటల పేర్లు చూడు. వీటిని ఎలా పలకాలో నాకు తెలియదు. నాకు పాలు మాన్పించిన చోట ఎవరో ఒకరు ఇదే తినిపించి ఉంటారు కదా. నా నాలుకకు గుర్తు లేదు. మా డెన్మార్క్ అమ్మ చాలా మంచిది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆమె వంట తింటూ పెరిగి, ఈ వంట గురించి చదువుతుంటే, ఎవరినో మోసం చేస్తున్నట్టుంటుంది. ఎవరినో కూడా తెలియదు."

స్వరూప మూడో పుస్తకం తీసింది. అందులో ఒక పాత కుటుంబం. ఏడాదికోసారి బల్ల మీద అన్నం, పులుసు పెట్టి, పోయిన పెద్దలందరికీ మోకాళ్ళ మీద వంగి దండం పెట్టే ఘట్టం దగ్గర కరీన్ పేజీ మూల మడిచి పెట్టుకుంది.

"ఈ రోజు మేము చేసేది ఇదే" అంది స్వరూప. "మీ వాళ్ళు బల్ల మీద పెడతారు, మేము ఆకులో పెడతాం."

"ఈ పుస్తకంలో చిన్న పిల్లవాడికి కూడా ఎవరికి దండం పెట్టాలో తెలుసు. నేను ఇలాంటి ముఖంతో పుట్టాను. ఎవరికి పెట్టాలో తెలియదు."

"మీ అమ్మకు పెట్టొచ్చు కదా."

"చనిపోయిందని చెప్పారు. పేరు చెప్పలేదు." కరీన్ పుస్తకం మూసింది. "ముందు నేనూ నమ్మాను. ఇవి చదువుతున్నకొద్దీ నమ్మకం పోతోంది. ఈ నవలల్లో తల్లులు అంత తేలిగ్గా చచ్చిపోరు. ఎంత కష్టమొచ్చినా ఏదో ఒక బజారులో ఏదో ఒకటి అమ్ముకుంటూ బతికే ఉంటారు."

కింద నుంచి పుష్పమ్మ కేక వినిపించింది. స్వరూపా అన్న పిలుపులో ఎప్పుడూ ఉండే దబాయింపు లేదు. భయం ఉంది.

"నువ్వూ రా" అంది స్వరూప. "ఆకులు పెట్టడం చూద్దువు."

ఒంటరిగా తల్లి ముందు నిలబడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అసలు సంగతి అదీ.

* * *

వరండాలో అలికిన చోట పుష్పమ్మ నాలుగు విస్తరాకులు వరసగా పరిచింది. ఒక్కోదాని మీద బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఎండుమిర్చి, కూరగాయలు సర్దుతోంది. పుస్తకాల మాట ఎవరూ ఎత్తలేదు. దొరికాయని ముగ్గురికీ తెలుసు, దొరికినట్టు ఒక్కరూ ఒప్పుకోవడం లేదు.

కరీన్ మెట్టు మీద కూర్చుంది. "ఇవి ఎవరెవరివి?" అని అడిగింది.

మాట్లాడటానికి ఏదో ఒకటి దొరికిందని స్వరూప గబగబా చెప్పింది. మొదటిది నాయిన తండ్రి పోచయ్య తాతది. రెండోది ఆయన భార్య రాజవ్వది. మూడోది అమ్మమ్మ నర్సింహమ్మకూ ఆమె కన్నా ముందే పోయిన తాతకూ కలిపి, కొడుకులు లేని వాళ్ళు గనుక కూతురింటి నుంచే వాళ్ళకు బియ్యం పోవాలి. నాలుగోది పేరు తెలియని వాళ్ళది.

"ఆ చివరిదాని మీద గాజులున్నాయి. మీ నానమ్మకు లేవేం?"

"నానమ్మ తాత తర్వాత పోయింది. భర్త ఉండగా పోయిన వాళ్ళకే పసుపు, కుంకుమ, గాజులు పెడతారు. ముత్తైదువగా పోయింది కాబట్టి..."

స్వరూప ఆగిపోయింది. ఎవరో పరాయిదానికి ఇంటి ఆచారం విప్పి చెబుతూ తన మాట తనే విన్నది. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటేటా ఆ ఆకును చూస్తోంది. ఒకసారి అడిగితే పేరు మరిచినోళ్ళకు బిడ్డా అంది తల్లి. దేవుడి గూట్లో దీపాన్ని ఎవరు ఎందుకని అడుగుతారు? ఆమె మళ్ళీ అడగలేదు.

"అమ్మా" అంది తెలుగులో. "గీ ఆకు ఎవరిది?"

"ఎన్నిసార్లు చెప్పాలె? పేరు తెల్వనోళ్ళది."

"పేరు తెల్వదు. మొగుడు ఉండంగనే పోయిందని మాత్రం తెలుసు. ఎట్ల తెలుసు?"

పుష్పమ్మ రవికె గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది. అదే మడత ఇంకోసారి విప్పింది.

"నువ్వు పుస్తకాలు దాచినప్పుడే నాకు సగం సమజైంది" అంది స్వరూప. "ఇంకో సగం నువ్వు చెప్పు."

పుష్పమ్మ చూపు మెట్టు మీదికి పోయింది. "ఈమె చెప్పిందా నీకు? అన్నపూర్ణ చెప్పిందా? ఎవరు నేర్పిన్రు నీకీ మాటలు?"

"ఎవ్వరూ చెప్పలే. గాజులు పెట్టింది నువ్వే."

ఇంత కాలం ఊరి నోళ్ళన్నీ కాపలా కాసిన మనిషికి తన చేతిని కాపలా కాయాలని తోచలేదు. పుష్పమ్మ ఆకు ముందు అలాగే చతికిలబడింది.

"పెట్టిన" అంది. "ఏటేటా పెట్టిన. ఏం చెయ్యమంటవ్? నిన్ను కని పోయిందంట ఆమె."

స్వరూప ఆకు మీది గాజుల వైపు చూసింది.

"గడ్డపోతారంల కంపెనీలు కడ్తున్నప్పుడు కూలికొచ్చినోళ్ళు. ఆమె మొగడు సాకలేనన్నడంట. మీ నాయిన నిన్ను దుప్పట్ల చుట్టుకొని తెచ్చిండు. అప్పటికి నా కడుపు రెండుసార్లు పోయింది. నేను ఆమెను కంటితోటి చూడలే, పేరడుగలే. అడిగితే యాడ ఎవరొస్తరో అని భయం. కాని కని నాకిచ్చి పోయిన మనిషి ఆకలితోటి తిరగొద్దని ఆకు పెట్టుకుంట వస్తున్న. నేను నిన్ను గుంజుకోలే బిడ్డా. ఆమె ఉంటే నేను నిన్ను ముట్టేదాన్నే గాదు."

స్వరూపకు కోపం రావాలి. రెండు రోజులుగా ఆ కోపాన్ని సిద్ధం చేసుకుంటూనే ఉంది. తీరా ఎదురుగా చూస్తే, తల్లి ముఖంలో దొంగతనం లేదు, దొరికిపోయిన పిల్ల భయం ఉంది. స్వరూపకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎదురుగా ఉన్న అమ్మ కోసమా, ఆకు మీది గాజులు తొడుక్కోని అమ్మ కోసమా ఆమెకే తెలియలేదు. పోయి పుష్పమ్మ పక్కన కూర్చుంది. ఆనుకొని కాదు, కొంచెం ఎడంగా.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నన్ను చూసే తీరు మారుతదని. ఇప్పుడు చూస్తున్నవ్ గదా, గట్ల."

గేటు దగ్గర నర్సింహ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఎంత విన్నాడో అతని ముఖమే చెబుతోంది. భుజం మీది కండువా తీసి చేతికి చుట్టుకుంటున్నాడు.

"అయ్యగారేడి?" అంది పుష్పమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మూలింట్ల ఉన్నడు. వస్తడు." అతను వరండా ఎక్కలేదు. "ఆ ఆకు తీసెయ్ పుష్పా."

"ఇగ దాచేదేం లేదు. దానికి తెలిసింది. ఈ ఏడు దాని చేతితోటే ఇప్పిస్త. తల్లికి బిడ్డ చేతి బియ్యం పోవాలె."

"తీసెయ్యమంటున్న గదా."

"ఎందుకు తీస్త? సచ్చిన మనిషి మీద కూడా నీకు..."

"బతికున్న మనిషి పేరు మీద బియ్యమియ్యద్దు" అన్నాడు నర్సింహ.

పుష్పమ్మ అతని వైపు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆకు వైపు చూసింది. బతికున్నవాళ్ళను చచ్చినవాళ్ళ వరసలో కూర్చోబెడితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె పసుపంటిన చేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఇన్నేండ్ల సంది" అంది. "ఇన్నేండ్ల సంది నా చేత నువ్వు ఒక పానమున్న మనిషికి బియ్యమిప్పిచ్చినవా? ఏటేటా నా పక్కన కూసోని? ఒక్కసారన్న నోరు తెరవాలె గదా నువ్వు?"

"సచ్చిపోయిందంటే నీకు నిద్ర పడుతదనుకున్న. ఉన్నదంటే నువ్వు గేటు ముంగట నిలవడ్డ ప్రతి ఆడమనిషిని చూసి వణుకుతవ్. ఒక్కసారి అన్నంక, ఇగ వెనక్కి తీసుకునుడు నాతోని కాలే."

కరీన్ మెట్టు మీది నుంచి వంగి స్వరూప మోచేయి తాకి, ఏమన్నాడని అడిగింది. స్వరూప చెప్పింది. ఈసారి నడుమ ఏదీ మింగలేదు. విన్న కరీన్ లేచి, రెండు మెట్లెక్కి, అక్కడే గోడ వైపు తిరిగి కూర్చుండిపోయింది.

"ఏడ ఉన్నది?" అంది పుష్పమ్మ.

నర్సింహ చేతికి చుట్టిన కండువా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నీకు ఎరుకే. నీ మొఖం చెప్తున్నది. ఎప్పుడు చూసినవ్ ఆమెను?"

"పొద్దుగాల" అన్నాడు అతను. "నేను డ్యూటీ దిగంగ ఆమె లోపలికి పోతున్నది. కాంట్రాక్టు లేబరు. డ్రమ్ములు కడుగుతది."

వీధి మలుపులో అయ్యగారు ఎవరినో పలకరిస్తున్న గొంతు వినిపించింది. పుష్పమ్మ మొగుణ్ణి ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తోంది. రోజూ టిఫిన్ డబ్బా కట్టి పంపింది తనే. రోజూ ఇంటికి రాగానే ఏం సంగతులని అడిగింది తనే.

స్వరూప లేచి నిలబడింది. "ఆమెకు నేను ఎరుకేనా నాయినా?"

నర్సింహ ముందు భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంటుందేమోనని ఆగాడు. ఆమె తిప్పుకోలేదు.

"ఎరుకే" అన్నాడు. "నీకు స్వరూప అని పేరు పెట్టింది ఆమెనే."

ఆ పేరు తనే పెట్టానని అతను బిడ్డను తెచ్చిన రోజు పుష్పమ్మతో చెప్పాడు. పుష్పమ్మ కూతురి వైపు తిరిగి ఎప్పట్లాగే పేరు పెట్టి పిలవబోయింది. పిలవలేకపోయింది.